అమ్మ పీఎఫ్‌లో పుట్టిన తేదీ తప్పు, పెన్షన్ ఆగిపోయింది. బెంగళూరులో ఎలా సరిచేయించాలి?

మదనపల్లి_మానస
మా అమ్మ హోసూర్ రోడ్డులో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో టైలర్. 2017 మార్చి నుంచి అక్కడే పని. మొన్న ఆవిడ పాస్‌బుక్ తీసి చూస్తే 2025 జనవరి నుంచి పెన్షన్ కాలమ్‌లో ప్రతి నెలా సున్నా. జీతంలో పీఎఫ్ మాత్రం మామూలుగానే కోస్తున్నారు. హెచ్‌ఆర్‌ను అడిగితే "మీ అమ్మకు 58 నిండాయి, ఇక పెన్షన్‌కి కట్టకూడదు" అన్నారు.

అమ్మకు 58 ఎక్కడ నిండాయి? ఆధార్‌లో 1969 జూన్ ఉంది. పీఎఫ్ ప్రొఫైల్‌లో చూస్తే 01-01-1967. చేరిన రోజు ఆఫీసులో ఫారం నింపినవాళ్ళు అడగకుండానే రాసేసినట్టున్నారు. అమ్మ ఐదో తరగతి వరకే చదివింది, ఇంగ్లీషులో ఉన్న ఫారం చదవలేదు. చూపించిన చోట సంతకం పెట్టింది.

ఇంకో చిక్కు. 2009 ఆగస్టు నుంచి 2013 నవంబర్ దాకా బొమ్మనహళ్ళి దగ్గర వేరే ఫ్యాక్టరీలో చేసింది. అది మూసేశారు. ఆ సర్వీసు ఇప్పటి యూఏఎన్‌లో (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబర్) కనిపించడం లేదు. అక్కడ పేరు లక్ష్మీదేవి, ఇక్కడ లక్ష్మీదేవమ్మ. ముందు ఏది పట్టుకోవాలో తెలియడం లేదు. అమ్మ రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు, నాకూ టెన్షన్‌గా ఉంది.

వైట్‌ఫీల్డ్_విక్కీ
ఇప్పుడు చాలా సులువు అక్కా. మెంబర్ పోర్టల్‌లో లాగిన్ అయి బేసిక్ డీటెయిల్స్ మార్పు అని పెట్టి ఆధార్ ఓటీపీ కొడితే అయిపోతుంది. కంపెనీ అవసరం లేదు, కాగితాలు అవసరం లేదు. నా పేరు పీఎఫ్‌లో కేవీఎస్ఆర్ అని పొడి అక్షరాల్లో ఉండేది, ఆధార్‌లో విడమరిచి ఉండేది. ఇంట్లో కూర్చునే మార్చుకున్నా.

పేరోల్_పద్మ
విక్కీ, నీ యూఏఎన్ ఎప్పటిది?

వైట్‌ఫీల్డ్_విక్కీ
2019. మొదటి ఉద్యోగం.

పేరోల్_పద్మ
అందుకే నీకు సులువైంది. 2025 జనవరిలో వచ్చిన ఆ సౌకర్యం, 2017 అక్టోబర్ 1 నుంచి ఆధార్‌తో ఇచ్చిన యూఏఎన్‌లకే. మానస వాళ్ళమ్మది 2017 మార్చి. కొద్ది నెలల్లో తప్పిపోయింది. అంతకుముందు యూఏఎన్‌లకు కంపెనీ ద్వారా జాయింట్ డిక్లరేషన్ (జేడీ), అంటే ఉద్యోగి, కంపెనీ కలిసి ఇచ్చే సవరణ దరఖాస్తు వెళ్ళాలి. మెంబర్ లాగిన్‌లోనే ఆన్‌లైన్‌లో పెడతారు, అది కంపెనీ లాగిన్‌కి వస్తుంది, వాళ్ళు చూసి అప్రూవ్ చేయాలి. యూఏఎన్‌కి ఆధార్ లింకై ఉంటే ఇదివరకటిలా ప్రతిదీ పీఎఫ్ ఆఫీసు దాకా పోనక్కర్లేదు. అసలు ఆధార్ లింకే లేకపోతే కాగితం మీద నింపి, కంపెనీ సంతకంతో ఆఫీసుకివ్వాలి.

నేను పన్నెండేళ్ళుగా పేరోల్ పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా, జేడీలు ఎక్కువగా ఆగేది కంపెనీ లాగిన్‌లోనే. హెచ్‌ఆర్ మనిషి ఉద్యోగం మారతాడు, కొత్తవాడికి ఆ పెండింగ్ లిస్టు ఉందనే తెలియదు. "పెట్టాను" అని ఊరుకోకుండా ఫ్యాక్టరీలో ఆ లాగిన్ ఎవరి చేతిలో ఉందో కనుక్కుని, ఆ మనిషినే అడగాలి.

కుప్పం_కిషోర్
జనవరి 1 చూడగానే నవ్వొచ్చింది. మా ఊళ్ళో సగం మందికి ఆధార్‌లో అదే పుట్టినరోజు. ఊరంతటికీ ఒకటే కేకు.

మూర్తి_జయనగర్
అమ్మాయ్ మానసా, తొందరపడి ఏదీ సబ్మిట్ చేయకు. ముందు ఆధార్‌లో ఉన్న తేదీ నిజమేనా అని తేల్చుకో. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం ఒక్కసారే. పీఎఫ్‌లో కూడా మామూలుగా ఒక్కసారే. రెండుచోట్లా ఒకటే తేదీ స్థిరపడాలి.

రెండోది, ఆధార్ ఒక్కటే చూపించి పుట్టిన తేదీ మార్పించుకోవచ్చని అనుకోవద్దు. 2024 జనవరిలో పీఎఫ్ వాళ్ళు పుట్టిన తేదీ రుజువుల జాబితాలోంచి ఆధార్‌ను తీసేశారు. బర్త్ సర్టిఫికెట్, స్కూలు టీసీ, మార్కుల మెమో, పాన్, పాస్‌పోర్ట్ లాంటివి పనికొస్తాయి. అమ్మ ఐదో తరగతి చదివిందన్నావు కదా, ఆ ఊరి బడిలో అడ్మిషన్ రిజిస్టర్ ఉంటుంది. హెడ్మాస్టర్ గారిని కలిసి రికార్డ్ షీట్ రాయించుకోండి. అది దొరికితే సగం పని అయినట్టే.

మదనపల్లి_మానస
మూర్తి గారూ, బడి ఇంకా ఉంది. పాత రిజిస్టర్లు ఉన్నాయో లేదో మామయ్యను పంపి కనుక్కుంటా. అమ్మకు పాన్ కార్డు ఉంది, అందులో కూడా 1969 జూనే. ఏ కాగితమూ దొరక్కపోతే ఏం చేస్తారు?

మూర్తి_జయనగర్
ఏదీ లేనివాళ్ళకు సివిల్ సర్జన్ పరీక్ష చేసి ఇచ్చే సర్టిఫికెట్, దానికి తోడు కోర్టులో ప్రమాణం చేసిన అఫిడవిట్ అనే దారి ఉంది. పాన్ ఉన్నప్పుడు అంతదూరం పోనక్కర్లేదు. పైగా మీది మూడేళ్ళ లోపు తేడా. 2024 జులైలో వచ్చిన పద్ధతి ప్రకారం చిన్న మార్పుకు రెండు రుజువులు, పెద్ద మార్పుకు మూడు. పాన్, రికార్డ్ షీట్ రెండూ ఉంటే ధైర్యంగా వెళ్ళొచ్చు.

హిందూపురం_హరి
నేను వేరే మాట చెబుతా, కోప్పడొద్దు. అసలు తేదీ ఎందుకు మార్చాలి? పీఎఫ్ లెక్క ప్రకారం 58 నిండాయి కదా, ఇప్పుడే పెన్షన్‌కి అప్లై చేసేయండి. 58 దాటాక ఉద్యోగం చేస్తూ కూడా పెన్షన్ తీసుకోవచ్చు. తేదీ మార్చారంటే 2027 జూన్ దాకా ఆగాలి. వచ్చే డబ్బు వదులుకోవడమెందుకు?

పేరోల్_పద్మ
హరి అన్నా, లెక్క వేసి చూద్దాం. మానసా, అమ్మ బేసిక్, డీఏ కలిపి ఎంత?

మదనపల్లి_మానస
12,600 దగ్గర.

పేరోల్_పద్మ
నిజానికి చివరి 60 నెలల సగటు తీసుకుంటారు, అందుకని ఇంకాస్త తగ్గుతుంది. లెక్క అర్థం కావడానికి 12,600 అనుకుందాం. పెన్షన్ అంటే ఆ జీతం ఇంటూ సర్వీసు సంవత్సరాలు, దాన్ని 70తో భాగించాలి. 12,600ని 70తో భాగిస్తే 180. అంటే ఒక్కో సంవత్సరం సర్వీసుకు నెలకు 180 రూపాయలు.

ఇప్పుడున్న రికార్డు ప్రకారం: 2017 మార్చి నుంచి 2024 డిసెంబర్ దాకా 7 ఏళ్ళ 10 నెలలు. ఆరు నెలలు, ఆపైన ఉంటే ఏడాది కింద లెక్క కాబట్టి 8. పదేళ్ళు లేవు కనుక నెలనెలా పెన్షనే రాదు. 10సీ ఫారంతో పెన్షన్ ఫండ్‌లోంచి ఒకేసారి వచ్చే మొత్తం తీసుకుని సరిపెట్టుకోవాలి. హరి అన్న చెప్పినట్టు "ఇప్పుడే పెన్షన్" అనడానికి కూడా పాత ఫ్యాక్టరీ సర్వీసు కలవాల్సిందే.

పాతది కలిపి, తేదీ మార్చకుండా ఉంచితే: 7 ఏళ్ళ 10 నెలలు, 4 ఏళ్ళ 3 నెలలు కలిసి 12 ఏళ్ళ పైచిలుకు. నెలకు 2,160.
తేదీ మాత్రం మార్చి పాతది కలపకపోతే: 2027 జూన్‌కి 10 ఏళ్ళ 3 నెలలు, అంటే 1,800.
రెండూ సరిచేస్తే: 14 ఏళ్ళ 6 నెలలు, 15 కింద లెక్క. నెలకు 2,700.

హిందూపురం_హరి
సరే, ఇదీ లెక్కే. 2,160 చొప్పున రెండేళ్ళ అయిదు నెలలు ముందే వస్తే 62 వేల పైన. తర్వాత నెలకు 540 ఎక్కువ రావడం కోసం ఇది వదులుకుంటే, ఆ 62 వేలు తిరిగి రావడానికి తొమ్మిదేళ్ళు దాటుతుంది. పేదవాళ్ళకు ఇవాళ చేతిలో పడే రూపాయి ముఖ్యం. మా అమ్మయితే నేను ఇప్పుడే తీసుకోమంటాను.

మూర్తి_జయనగర్
హరీ, నీ లెక్క తప్పు కాదు. కానీ పెన్షన్‌కి 10డీ ఫారం వేసేటప్పుడు ఆధార్, బ్యాంకు వివరాలు ఇస్తారు. ఆధార్‌లో 1969, పీఎఫ్‌లో 1967 ఉంటే అక్కడే ఆపేస్తారు. అప్పుడు ఎలాగూ తేదీ తేల్చమంటారు. ఆ తర్వాత ఏటా బతికున్నట్టు ఇచ్చే జీవన్ ప్రమాణ్ సర్టిఫికెట్ కూడా ఆధార్‌తోనే. అన్నిటికీ మించి, అది తప్పు తేదీ అని తెలిసి కూడా దాని కింద ఆవిడ చేత మళ్ళీ సంతకం పెట్టించడం నాకు నచ్చదు. ఎవరో చేసిన తప్పు రేపు ఆవిడ చేసిన తప్పు అవుతుంది.

అనంత_లత
మూర్తి గారి మాటే నాదీ. తర్వాత రికవరీ అని నోటీసొస్తే ఎవరు కడతారు?

హిందూపురం_హరి
ఆధార్ సంగతి నేను ఆలోచించలేదు, అది నిజమే. కానీ మార్చడం ఆలస్యమయ్యేకొద్దీ నష్టం మాత్రం వాళ్ళకే కదా. అది కంపెనీ చేసిన తప్పు. కంపెనీ చేతే త్వరగా చేయించాలి.

పీణ్య_రమణ
కంపెనీ తప్పు అన్నారు కాబట్టి నాలుగు ముక్కలు. నేను పీణ్యలో మెషీన్ షాపులో ఉంటాను, మా ఆవిడ గార్మెంట్స్. ఈ రికార్డుల గోల ఒక్క మానస వాళ్ళమ్మది కాదు. అనంతపురం, హిందూపురం, మదనపల్లి నుంచి వచ్చి ఇక్కడ మిషన్ ముందు కూర్చున్న ఆడవాళ్ళలో ఎంతమందికి తమ పీఎఫ్‌లో పుట్టిన తేదీ ఏముందో తెలుసు? ఫ్యాక్టరీ మారినప్పుడల్లా కొత్త నంబర్, కొత్త స్పెల్లింగ్, ఒకచోట తండ్రి పేరు, ఇంకోచోట భర్త పేరు.

2016 ఏప్రిల్ గుర్తుందా? కంపెనీ వాటా 58 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోవడానికి వీల్లేదని కేంద్రం రూలు తెస్తే హోసూర్ రోడ్డు మీద, ఇటు తుమకూరు రోడ్డు మీద వేలమంది ఆడవాళ్ళు బైఠాయించారు. రెండో రోజుకే కేంద్రం ఆ రూలు వెనక్కి తీసుకుంది. ఆ డబ్బు మీద వాళ్ళకున్న పట్టు అలాంటిది. పిల్ల పెళ్ళి, ఇంటి అడ్వాన్స్, ఆస్పత్రి అన్నీ దాని మీదే. అలాంటివాళ్ళకు సొంత రికార్డు చూసుకోవడం ఎవరూ నేర్పలేదు. పాస్‌బుక్ ఎలా చూడాలో ఫ్యాక్టరీలో భోజనాల వేళ పది నిమిషాలు చెబితే చాలు.

అనంత_లత
స్మార్ట్‌ఫోన్ లేకపోయినా బ్యాలెన్స్ తెలుసుకోవచ్చు. యూఏఎన్‌తో రిజిస్టరైన నంబర్ నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే మెసేజ్ వస్తుంది. కానీ పెన్షన్ ఆగిన సంగతి అందులో తెలియదు. దానికి పాస్‌బుక్కే చూడాలి.

సిల్క్‌బోర్డ్_సిరి
రమణ అన్న చెప్పింది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా బావ ఒక చిన్న కంపెనీలో డ్రైవర్. డ్యూటీలో ఉండగానే గుండెపోటుతో పోయారు. అక్క పెన్షన్ కోసం వెళ్తే పీఎఫ్‌లో బావ పేరులో ఇంటిపేరు లేదు, ఆధార్‌లో ఉంది. తండ్రి పేరు కూడా వేరే. నామినేషన్ అసలు లేదు. మనిషి బతికుంటే ఓటీపీతో పోయే పని, పోయాక ప్రతి తేడాకీ ఒక కాగితం. అక్క ఒక ప్లాస్టిక్ కవర్లో బావ పదో తరగతి మెమో, పెళ్ళి ఫోటో, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అన్నీ పెట్టుకుని చిన్నపాపను చంకనేసుకుని తిరిగింది. కంపెనీ వాళ్ళు అప్పటికే వేరే చోటికి మారిపోయారు.

చివరికి వచ్చింది. విడో పెన్షన్‌కి పదేళ్ళ సర్వీసు అక్కర్లేదు, ఉద్యోగంలో ఉండగా పోతే ఒక్క నెల పెన్షన్ ఫండ్‌కి కట్టి ఉన్నా చాలని అప్పుడే తెలిసింది. ఇన్సూరెన్స్ కూడా వచ్చింది. ఈడీఎల్‌ఐ అంటారు, గరిష్ఠంగా 7 లక్షల దాకా ఉంటుంది. కానీ ఆ నెలలన్నీ అక్క ఇల్లు ఎలా నడిచిందో నాకు తెలుసు. ఇది చదివేవాళ్ళంతా ఈ రాత్రే ఈ-నామినేషన్ పెట్టండి. మీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూడండి. దయచేసి.

వైట్‌ఫీల్డ్_విక్కీ
సిరి గారూ, మీ పోస్టు చదివి ఇప్పుడే చూశా, నాకూ నామినేషన్ లేదు. పెట్టేస్తున్నా. నా సర్వీస్ హిస్టరీలో పాత కంపెనీకి ఎగ్జిట్ డేట్ కూడా లేదు. అది కంపెనీయే వేయాలా?

పేరోల్_పద్మ
వాళ్ళు వేయకపోతే నువ్వే వేసుకోవచ్చు. మేనేజ్‌లో మార్క్ ఎగ్జిట్ ఉంటుంది. చివరి కంట్రిబ్యూషన్ పడి రెండు నెలలు దాటి ఉండాలి. ఆ చివరి నెలలోని తేదీయే ఇవ్వాలి. రిలీవింగ్ లెటర్‌లో ఉన్న తేదీ చూసి వెయ్యి, గుర్తున్న తేదీ కొట్టకు.

అలాగే పాస్‌బుక్‌లో పెన్షన్ కాలమ్ చూసుకో. 2014 సెప్టెంబర్ 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, అప్పుడే జీతం 15 వేలు దాటినవాళ్ళు పెన్షన్ పథకంలోకి రారు. అయినా కొన్ని కంపెనీలు నెలకు 1,250 అటు వేసేస్తుంటాయి. అది తర్వాత పెద్ద చిక్కు. ఆ డబ్బు వడ్డీతో పీఎఫ్ ఖాతాకు మళ్ళించమని కంపెనీ రాయాలి.

వైట్‌ఫీల్డ్_విక్కీ
నెలకు 1,250 పడుతూనే ఉంది 😟 చేరినప్పుడే నా బేసిక్ 22 వేలు.

పేరోల్_పద్మ
దానికి వేరే థ్రెడ్ పెట్టు, అక్కడ వివరంగా రాస్తా. ఇక్కడ మానస పని కానిద్దాం.

మదనపల్లి_మానస
పద్మక్కా, తేదీ మారాక 2025 జనవరి నుంచి ఆగిపోయిన పెన్షన్ వాటా దానంతటదే సర్దుకుంటుందా?

పేరోల్_పద్మ
సర్దుకుంటుందని నమ్ముకోవద్దు. ఆ నెలల్లో కంపెనీ వాటా 12 శాతం మొత్తం పీఎఫ్‌లోనే పడి ఉంటుంది. అందులో 8.33 శాతం పెన్షన్ ఫండ్‌కి వెళ్ళాల్సింది. తేదీ మారిన వెంటనే, ఏయే నెలలకు ఎంత మళ్ళించాలో పట్టిక రాసి పీఎఫ్ ఆఫీసుకి లెటర్ ఇమ్మని కంపెనీని అడగండి. వచ్చే నెల చలాన్ నుంచి పెన్షన్ మళ్ళీ మొదలైందో లేదో పాస్‌బుక్‌లో చూడండి. ఇది అడగకపోతే రికార్డులో తేదీ మారుతుంది గానీ ఆ నెలల సర్వీసు ఖాళీగానే ఉండిపోతుంది.

కుప్పం_కిషోర్
హెచ్‌ఆర్ మాట వినకపోతే?

పీణ్య_రమణ
నోటిమాటగా అడగడం మానేసి రాతలో ఇవ్వాలి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద అందినట్టు సీలు వేయించుకోవాలి. తర్వాత పీఎఫ్ వాళ్ళ ఫిర్యాదుల పోర్టల్ ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు. ప్రతి నెలా 27న పీఎఫ్ వాళ్ళు పెట్టే నిధి ఆప్కే నికట్ శిబిరానికి కూడా కాగితాలతో వెళ్ళొచ్చు. అక్కడ అధికారి ఎదురుగానే మాట్లాడొచ్చు. బయట నిలబడి "పర్సెంటేజీ ఇవ్వండి, చేయించి పెడతా" అనేవాళ్ళకు మాత్రం యూఏఎన్ పాస్‌వర్డ్, ఓటీపీ ఇవ్వొద్దు.

మదనపల్లి_మానస
అర్థమైంది అన్నా. మూతపడ్డ ఫ్యాక్టరీ సంగతి ఎలా? అక్కడ సంతకం పెట్టడానికి ఎవరూ లేరు.

మూర్తి_జయనగర్
దానికీ దారి ఉంది. మూతపడ్డ కంపెనీ అయితే జాయింట్ డిక్లరేషన్ కాగితం మీద నింపి గెజిటెడ్ ఆఫీసర్, నోటరీ, బ్యాంక్ మేనేజర్, పోస్ట్‌మాస్టర్, ఎమ్మెల్యే, ఊరి సర్పంచ్ ఇలాంటివాళ్ళలో ఒకరి చేత అటెస్ట్ చేయించి ఆ ఫ్యాక్టరీ ఏ పీఎఫ్ ఆఫీసు కిందికి వస్తుందో అక్కడ పీఆర్ఓ కౌంటర్‌లో ఇవ్వాలి. పేరు తేడా అలా పోతుంది.

ముందు పాత పీఎఫ్ నంబర్ దొరకాలి. అప్పటి జీతం స్లిప్పు గానీ ఏడాదికోసారి ఇచ్చే పీఎఫ్ స్లిప్పు గానీ వెతకండి. కేఎన్, బీఎన్ అని మొదలయ్యే నంబర్ ఉంటుంది. కంపెనీ కోడ్ తెలియకపోతే పీఎఫ్ వెబ్‌సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్‌లో ఫ్యాక్టరీ పేరు కొట్టి చూడు, మూసేసినవి కూడా వస్తాయి.

అసలు ప్రశ్న ఇంకొకటి. 2013లో మానేశాక అమ్మ పీఎఫ్ డబ్బు తీసుకుందా?

మదనపల్లి_మానస
తీసుకుంది. చెల్లెలి ఇంటర్ ఫీజు కట్టడానికి. అయితే సర్వీసు పోయినట్టేనా?

మూర్తి_జయనగర్
కంగారు పడకు. 19వ ఫారంతో తీసుకున్నది పీఎఫ్ డబ్బు. పెన్షన్ డబ్బుకు 10సీ అని వేరే ఫారం. 10సీ కూడా వేసి డబ్బు తీసుకుని ఉంటేనే ఆ నాలుగేళ్ళ సర్వీసు పోయినట్టు. అప్పట్లో చాలామంది ఒక్క 19 మాత్రమే నింపేవాళ్ళు. అమ్మ పాత బ్యాంకు పుస్తకంలో పీఎఫ్ నుంచి ఎన్ని ఎంట్రీలు పడ్డాయో చూడు. రెండూ తీసుకుంటే మామూలుగా రెండు విడివిడి మొత్తాలు పడతాయి.

అనంత_లత
ఇది నాకూ కొత్త సంగతే. మా పిన్నిది కూడా వెతికిస్తా.

మదనపల్లి_మానస
అమ్మ ట్రంకు పెట్టెలోంచి పుస్తకం తీయించాను. 2014 ఫిబ్రవరిలో ఒకే ఎంట్రీ ఉంది. ఆ తర్వాత పేజీలన్నీ చూశాం, పీఎఫ్ నుంచి ఇంకేమీ రాలేదు. పీఎఫ్ స్లిప్పు కూడా దొరికింది, నంబర్ కాస్త చెరిగింది గానీ చదవొచ్చు. మామయ్య బడికి వెళ్ళి హెడ్మాస్టర్‌ను కలిశారు, రిజిస్టర్ ఉందట, సోమవారం రమ్మన్నారు. ఫ్యాక్టరీలో జేడీ కోసం లెటర్ రాసి పెట్టాను, రేపు అమ్మతో పాటు నేనూ వెళ్తున్నా.

పేరోల్_పద్మ
జేడీలో పేరు, పుట్టిన తేదీ రెండూ ఒకేసారి పెట్టండి. పేరు ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే. లెటర్‌లో పెన్షన్ వాటా మళ్ళించమన్న మాట కూడా కలిపి రాయి.

మూర్తి_జయనగర్
చాలా మంచి వార్త అమ్మాయ్. అయినా కౌంటర్‌లో పాత నంబర్ చూపించి 10సీ సెటిల్ కాలేదని ఒకసారి ఖాయం చేసుకో. పాత ఖాతాలో పీఎఫ్ డబ్బు లేదు కాబట్టి ఆన్‌లైన్ ట్రాన్స్‌ఫర్ కుదరకపోతే, ఆ సర్వీసును ఇప్పటి ఖాతాకు కలపమని రాతపూర్వకంగా అడుగు. వాళ్ళు 10సీ వేయమంటే మాత్రం జాగ్రత్త. ఆ ఒక్క ఫారంలోనే రెండు కోరికలు ఉంటాయి, డబ్బు వాపసు ఒకటి, సర్వీసు పోకుండా నిలబెట్టే స్కీమ్ సర్టిఫికెట్ ఒకటి. స్కీమ్ సర్టిఫికెట్ అన్నచోటే టిక్ పెట్టించు. డబ్బు వాపసు మీద టిక్ పడితే ఆ నాలుగేళ్ళు మళ్ళీ రావు. ఫారం ఇచ్చే ముందు ఫోటో తీసి ఇక్కడ పెట్టు, పేరు, నంబర్లు కనిపించకుండా చెరిపేసి. నేను చూసి చెబుతా.